బోర్డు మీద దొంగ చలిమిడి

అనకాపల్లిలో ఏ ఇంట్లో ఏ పిల్ల నీళ్ళోసుకుందో అందరికంటే ముందు డాక్టరమ్మకి తెలుస్తుందని మీరనుకుంటే సగమే నిజం. డాక్టరమ్మ చెప్పిన మర్నాడే పిల్ల తల్లి వచ్చి రామతులసి కొట్టు ముందు చెప్పులు విడుస్తుంది. మొగుడికీ వదినగారికీ కూడా చెప్పని ముక్క రామతులసి చెవిలో చెబుతుంది. చెప్పకపోతే ఎలా? చలిమిడి చెయ్యాల్సింది ఆవిడే కదా.

నూకాలమ్మ గుడికి వెళ్ళే దారిలో ఉంది ఆ కొట్టు. గుమ్మం మీద పేరేమీ రాయించలేదు. సారె తులసమ్మ కొట్టంటే ఆటోవాళ్ళందరికీ తెలుసు. భర్త గంగాధరానిది బెల్లం వ్యాపారం. పెళ్ళయిన కొత్తలో ఓ ఏడు వాన దెబ్బకి బెల్లం దిమ్మలు చెమ్మగిల్లి కొనే నాథుడు లేకపోతే, పారబొయ్యడానికి చేతులు రాక రామతులసి వాటిని పాకం పట్టి నువ్వుల చిమ్మిలి ఉండలు చేసి చుట్టుపక్కలవాళ్ళకి పంచింది. తిన్నవాళ్ళు ఊరుకోలేదు. "మా పిల్లని అత్తారింటికి పంపుతున్నాం, సారెకి ఇలాగే రెండొందలు చేసిపెట్టమ్మా" అన్నారు. అలా మొదలైంది. ముప్ఫై మూడేళ్ళయింది. ఇప్పుడు పొయ్యి దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు పనిచేస్తారు. కాజాలు, సున్నుండలు, అరిసెలు, పాకుండలు, జంతికలు... పెళ్ళికూతురు అత్తారింటికెళ్ళినా, శ్రీమంతమైనా, పురుడొచ్చినా మన వైపు సారె లేకుండా అడుగు పడదు. సారెలో ఒక రకం తగ్గితే ఆ మాట మనవలకి పెళ్ళిళ్ళయ్యేదాకా వినబడుతూనే ఉంటుంది.

అందుకే రామతులసి అన్నీ పుస్తకంలో రాసుకుంటుంది. ఏడాదికో పుస్తకం. అందులో ఎన్ని కాజాలు, ఎన్ని లడ్డూలు అన్నది సగమే. మిగతా సగం చదివితే మీకు నవ్వాగదు. "అత్తగారికి షుగరు, కానీ ఒప్పుకోదు." "తోటికోడలికి ఏడు రకాలొచ్చేయి, మనం తొమ్మిది పెట్టాలి." "అల్లుడికి నెయ్యి వాసన పడదు, పిల్ల తండ్రికి చెప్పకూడదు." ఇంటిగుట్టు లంకకు చేటంటారు. అలాంటి గుట్లు వందల ఇళ్ళవి ఆ పుస్తకాల్లో ఉన్నాయి. లోకంలో చాలామందికి నోట్లో నువ్వుగింజ నానదు. రామతులసి నోట్లో మాత్రం మణుగు నువ్వులు పోసినా నానిపోవాల్సిందే. ముప్ఫై మూడేళ్ళలో ఆవిడ నోటినుంచి ఒక ఇంటి మాట ఇంకో ఇంటికి పోలేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, కాస్త గర్వం కూడా ఉంది.

ఆ గర్వమే కొంప ముంచింది. ఎలాగంటారా? నోరు కట్టుకున్న మనిషి గోడని వదిలేసింది.

కొట్లో వీధికి ఎదురుగా ఉన్న గోడకి ఒక నల్లబోర్డుంది. బడిపిల్లల బోర్డంత ఉంటుంది. వారం ఆర్డర్లన్నీ దాని మీద సుద్దముక్కతో రాస్తుంది. పొయ్యి దగ్గర ఆడవాళ్ళు తలెత్తి చూస్తే ఏ రోజు ఏం చెయ్యాలో తెలిసిపోవాలి, అందుకని. ఎవరి సారె, ఏ శుభకార్యం, ఏ ఊరు, ఎన్ని రకాలు, కబురు చెయ్యడానికి ఫోన్ నంబరు. రామతులసి దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. వీధినపోయేవాళ్ళు ఆగి చదివేవారు. "ఈ వారం పదకొండు ఆర్డర్లేటే తులసమ్మా" అని ఎవరైనా అంటే, "మూఢాలొచ్చేత్తన్నాయి కదా, అందరూ ఇప్పుడే తొందరపడతన్నారు" అని ముసిముసిగా నవ్వుకునేది. బోర్డు మీద రాసేది కూడా గుట్టేనన్న ఆలోచన ఆవిడకి రాలేదు. గుట్టంటే నోటితో చెప్పేదనే ఆవిడ లెక్క.

కోడలు సుచిత్ర బి.కాం. చదివింది. పెళ్ళికి ముందు విశాఖపట్నంలో ఒక ఆడిటర్ ఆఫీసులో రెండేళ్ళు పనిచేసింది. వచ్చిన ఏడాదికే కొట్టుని ఫోన్లోకి ఎక్కించింది. వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకోవడం, రోజూ పొద్దున్నే బోర్డు ఫోటో తీసి పనివాళ్ళ గ్రూపులో పెట్టడం ఆ అమ్మాయి తెచ్చిన పద్ధతులే. బోర్డుని లోపల గోడకి మార్చుదామని ఒకటి రెండుసార్లు అంది కూడా. "లోపల చీకటి, సుద్ద కనబడదు" అని రామతులసి కొట్టిపారేసింది.

ఈ ఏడాది మాఘమాసంలో ఒకరోజు పొద్దున్న నున్నగా తల దువ్వుకున్న కుర్రాడొకడు కొట్టుకొచ్చాడు. పసిపిల్లల సబ్బులూ, నూనెలూ, డైపర్లూ అమ్మే కంపెనీ తరఫున వచ్చానన్నాడు. రెండు సున్నుండలు తిని ఆహా ఓహో అన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి తీశాడు.

"మీ దగ్గర శ్రీమంతాల లిస్టు ఉంటుంది కదమ్మా. నెలనెలా మాకిస్తే మీకు పిండి కలిపే మిషను ఉచితంగా ఇస్తాం."

"మా పుస్తకం మా ఆయన కూడా ముట్టుకోడు బాబూ" అంది రామతులసి. "మిషనొద్దు, గిషనొద్దు. ఇంకో సున్నుండ తిని ఎల్లిరా."

ఎంత ఖచ్చితంగా చెప్పిందో చూశారా. కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. వెళ్ళబోతూ బోర్డు వైపు తిరిగి, "ఈ రాత మీదేనా అమ్మా? అచ్చేసినట్టుంది. ఒక ఫోటో తీసుకోవచ్చా?" అన్నాడు. రామతులసి మొహం ఇంతయింది. ఫోటోకి అడ్డం రాకూడదని పక్కకి జరిగింది. కింద వరసలో సుద్దపొడి రాలి అక్షరాలు మసకబారితే, ఆ పొడిని కొంగుతో దులిపి మరీ చూపించింది. పుస్తకం ఇవ్వనన్న మనిషి పదకొండు ఇళ్ళ పేర్లూ నంబర్లూ వెలుతుర్లో నిలబెట్టి అప్పజెప్పింది. ఇది తల్చుకున్నప్పుడల్లా ఇప్పటికీ ఆవిడ తలకొట్టుకుంటుంది.

ఆ వారం బోర్డు మీద చివరి వరసలో ఇలా ఉంది: "తుమ్మపాల కుమారి. కూతురు ఇందు. దొంగ చలిమిడి." పక్కన ఒక ఫోన్ నంబరు.

దొంగ చలిమిడంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్పాలి. కడుపుతో ఉన్న పిల్లకి అయిదో నెలలోనో ఏడో నెలలోనో పుట్టింటివారు మేళతాళాలతో చలిమిడి పెడతారు. అది ఊరంతటికీ తెలియాల్సింది. దానికి ముందు మూడో నెలలో తల్లి ఒక్కతే, ఎవరికీ చెప్పకుండా, ఇంత చలిమిడి కొంగుచాటున పెట్టుకెళ్ళి కూతురి నోట్లో పెట్టి వస్తుంది. అదీ దొంగ చలిమిడి. ఇంకా నిలబడని కడుపు మీద నలుగురి కళ్ళూ పడకూడదని పెద్దవాళ్ళు పెట్టిన కట్టడి. పార్లమెంటువాళ్ళకంటే ఎన్నో తరాల ముందే మన ముసలమ్మలు చేసిన చట్టమది. దాన్ని రామతులసి సుద్దముక్కతో వీధి మొహాన రాసి పెట్టింది.

అందులోనూ ఇందు సంగతి అందరిలాంటిది కాదు. ఆ పిల్ల భర్త నానాజీ అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, ఇద్దరూ అక్కడే అద్దెకుంటారు. అత్తగారు తలుపులమ్మ ఉప్మాకలో ఉంటుంది. కిందటేడు ఇందు కడుపుతో ఉందని తెలియగానే తలుపులమ్మ పట్టలేని సంతోషంతో ఊరంతా చెప్పుకుంది. నాలుగో నెలలో కడుపు పోయింది. ఇక ఆ తర్వాత ఇందు ఉప్మాకలో అడుగు పెడితే చాలు, ప్రతి అరుగు మీదా ఒక పరామర్శ. అయ్యో పాపం, అయ్యో పాపం. ఆ పిల్ల మళ్ళీ ఆ వీధిలో నడవలేనంది. అందుకే ఈసారి అయిదో నెల వచ్చేదాకా అత్తగారికి కూడా చెప్పొద్దని మొగుడూ పెళ్ళాం అనుకున్నారు. చలిమిడి నానాజీయే వచ్చి పట్టుకెళ్తానన్నాడు కాబట్టి కుమారి అల్లుడి నంబరిచ్చింది.

తర్వాత పదిరోజులకి కుమారి కొట్టుకొచ్చింది. చెప్పులు విడవలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"తులసమ్మా, నీకు నేనేటి ద్రోగం సేసేను?"

రామతులసి కాజాలు చుడుతున్న చెయ్యి ఆపింది. "ఏటయింది కుమారీ? లోపలికి రా, కూకో."

"కూకోను. ఆదివారం మా అల్లుడు ఉప్మాక ఎల్లేడు. ఫోను సార్జింగు పెట్టి సానానికెల్లేడు. ఫోను మోగితే మా తలుపులమ్మొదిన ఎత్తింది. ఎవుర్తో పిల్ల, 'ఇందు గారి ఇంటివారేనాండీ, ఆవిడకి మూడో నెల కదండీ, సబ్బుల మీద ఆఫరుందండీ' అన్నాది. కోడలు కడుపుతో ఉందని మా వదినకి సబ్బులోలు సెప్పేరమ్మా! ఇంక సూసుకో. ఆరోజు నించి మా పిల్లతో మాటల్లేవు. ఫోన్జేత్తే ఎత్తదు. 'నేను దిష్టి పెడతానని దాసేరా' అంటందంట. ఈ పిల్ల ముద్ద ముట్టట్లేదు. ఆ కడుపుకేటైనా అయితే?"

"మన కొట్లోంచి ఎల్లిందని ఎలాగ తెలిసింది?"

"మా అల్లుడు ఆ పిల్లకి తిరిగి ఫోన్జేసి గట్టిగా అడిగేడు. నీ బోర్డు ఫోటో పంపింది."

కుమారి ఫోను తీసి చూపించింది. బోర్డు బొమ్మలో తేటగా వచ్చింది. పక్కన రామతులసి కొంగు అంచు కూడా పడింది. ముప్ఫై మూడేళ్ళ పేరు పోయిందన్న బాధ కంటే, ముద్ద ముట్టని ఆ పిల్ల మొహమే ఆవిడ కళ్ళముందు ఎక్కువ మెదిలింది. తప్పెవరిదని వాదించలేదు. "నాదే తప్పు కుమారీ" అంది. "నేనే చక్కబెడతాను." కుమారి నమ్మినట్టు లేదు. కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర సుచిత్ర చెప్పిన సంగతులు విని గంగాధరానికి ముద్ద దిగలేదు.

"దీనికి చట్టముంది మామయ్యా. మూడేళ్ళ కిందట చేశారు, నిరుడు నవంబర్లో రూల్సు వచ్చాయి. ఎవరి పేరు తీసుకున్నా, నంబరు తీసుకున్నా, ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి సరేననిపించుకోవాలి. ఏ పనికి తీసుకున్నామో దానికే వాడాలి. బయటికి పోకుండా కాపాడాలి. పనయిపోయాక తుడిచెయ్యాలి."

"సుద్దముక్కతో రాసినదానికి కూడా చట్టమేటమ్మా?" అన్నాడు గంగాధరం.

"బోర్డు మీదున్నంతసేపు రాదు. ఫోన్లోకి ఎక్కించేక వస్తుంది. నేను రోజూ ఫోటో తీసి గ్రూపులో పెడతాను కదా, ఆ లెక్కన మనమూ దాని కిందకే వస్తాం. భద్రంగా ఉంచకపోతే జరిమానా రెండొందల యాభై కోట్ల దాకా ఉంది."

గంగాధరం మంచినీళ్ళ గ్లాసు దించేశాడు. "కోట్లే? బెల్లం మార్కెట్ మొత్తం తాకట్టు పెట్టినా రావు కదమ్మా!"

"అది పెద్దపెద్దవాళ్ళకి మామయ్యా. తప్పు ఎంతటిదో చూసి వేస్తారు. మనం పాటించాల్సినవి ఇంకా అమల్లోకి రాలేదు కూడా. వచ్చే ఏడాది మే దాకా టైముంది."

అప్పటిదాకా కంచంలో వేలు తిప్పుతూ కూర్చున్న రామతులసి తలెత్తింది. "జరిమానా సంగతి ఒగ్గీండి. మన చేతిలోంచి జారిపోయినాక ఏటి చెయ్యమంది ఆ చట్టం?"

"ఎవరి వివరాలు పోయాయో వాళ్ళలో ప్రతి ఒక్కరికీ మనమే చెప్పాలంది అత్తయ్యా. ఏం పోయిందో, దానివల్ల ఏం జరగొచ్చో, మనమేం చేశామో, వాళ్ళేం జాగ్రత్త పడాలో. ఏమైనా అడగాలంటే ఎవర్ని అడగాలో కూడా. ఢిల్లీ ఆఫీసుకి కూడా రాయాలి. కానీ చెప్పాను కదా, మే దాకా..."

"చట్టానికి టైముంది. ఆ పిల్ల కడుపులో బిడ్డకి లేదు" అంది రామతులసి. లేచి చెయ్యి కడుక్కుని, తడిచేత్తోనే బోర్డు మొత్తం తుడిచేసింది. ఆ సాయంత్రమే మనిషిని పిలిపించి దాన్ని పొయ్యిగది లోపలికి మార్పించింది. లోపల నిజంగానే చీకటి. ఓ లైటు పెట్టించింది. ఇప్పుడు దానిమీద పేర్లుండవు. ఒకటో నంబరు, రెండో నంబరు, ఎన్ని కాజాలు, ఎన్ని లడ్డూలు, అంతే. పొయ్యి దగ్గర ఆడవాళ్ళు మొదట్లో విసుక్కున్నారు. "నాలుగో నంబరు సారె ఎవుర్దో తెలీకుండా పాకమెలాగ కుదురుద్దమ్మా" అని మరిడమ్మ దెప్పింది. పాకం బాగానే కుదిరింది.

మర్నాటి నుంచి అత్తాకోడళ్ళు ఇళ్ళకి బయల్దేరారు. ఫోటోలో పడ్డవి పదకొండు ఇళ్ళు. ఫోన్లో చెబితే చాలని సుచిత్ర అంది. గుమ్మంలోకెళ్ళి చెప్పాల్సినవి ఫోన్లో చెప్పకూడదని రామతులసి అంది. వెళ్ళిన చోటల్లా కూర్చోకుండానే, "మీ పేరూ నంబరూ నా అజాగర్త వల్ల బయటికి పోయేయి. సబ్బులోళ్ళు ఫోన్జేత్తే ఎత్తొద్దు. తప్పు నాది" అని చెప్పేది. ఆ కంపెనీకి రాసిన ఉత్తరం సుచిత్ర ఫోన్లో చూపించేది. మూడుసార్లు రాస్తేగాని వాళ్ళు పేర్లు తీసేశామని జవాబివ్వలేదు. నిజంగా తీసేశారో లేదో ఆ పైవాడికే తెలియాలి.

మనుషులు ఎన్ని రకాలో ఆ రెండ్రోజుల్లో తెలిసింది. ఒకావిడ నవ్వేసి, దీనికింత దూరమొచ్చేరా అని కాఫీ ఇచ్చింది. ఒకాయన అరగంట తిట్టాడు. రామతులసి తలొంచుకుని విన్నది. బెల్లం వ్యాపారి త్రినాధరావు భార్య అయితే మొత్తం విని మూతి ముడిచింది.

"ఇకనుంచి పేర్లు రాయరా? మరి మా సారె మీరు చేసేరని మా వియ్యపురాలికి ఎలాగ తెలుస్తాది? మా పేరు మాత్రం పెద్దక్షరాల్తో రాయండి."

బయటికొచ్చేక సుచిత్ర ఆగలేక నవ్వింది. "చూశారా అత్తయ్యా, అందుకే అడిగి రాయమన్నారు. ఒకరికి గుట్టయింది ఇంకొకరికి గొప్ప." రామతులసికి ఆ మాట నచ్చింది. చట్టమంటే పోలీసులూ జరిమానాలూ అనుకుంది గాని, ఎదుటి మనిషిని ఒక మాట అడగడమే అందులో అసలు సంగతని అప్పుడు తెలిసొచ్చింది.

పది ఇళ్ళయ్యాయి. పదకొండోది కుమారిది, దానికి జవాబు చెప్పాల్సిన గుమ్మం ఉప్మాకలో ఉంది.

వెళ్ళేముందు పాత పుస్తకాల సంగతి తేల్చాలనుకుంది. కాగితం మీదున్నవాటి జోలికి చట్టం రాదని సుచిత్ర చెప్పినా, ఎప్పుడో పనయిపోయిన గుట్లన్నీ అటక మీద ఎందుకని రామతులసికి అనిపించింది. మధ్యాహ్నం ఇద్దరూ ముందుగదిలో కూర్చుని దుమ్ము దులిపి ఒక్కో పుస్తకం తిరగేశారు. చించాల్సినవి చించుతున్నారు. మొదటి పుస్తకంలో ఒక పేజీ దగ్గర రామతులసి వేలు ఆగిపోయింది. సొంత రాతే, కాస్త లేతగా ఉంది.

"దేవరాపల్లి నుంచి. కూతురు తలుపులమ్మ, ఉప్మాక ఇచ్చేరు. దొంగ చలిమిడి, కిలో. కొబ్బరి ఎక్కువ. అత్తవారికి చెప్పలేదు."

మూడో పుస్తకంలో మళ్ళీ అదే పేరు. మళ్ళీ దొంగ చలిమిడి. మళ్ళీ అత్తవారికి చెప్పలేదు. ఆ రెండింటి వెనక శ్రీమంతం సారె ఆర్డరు లేదు. అయిదో పుస్తకంలో వచ్చింది. అది నానాజీ అయివుంటాడు. శ్రీమంతం రాలేదంటే ఏమిటో సారె చేసేవాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. సుచిత్ర ఏమిటని అడిగితే, "ఏటీ లేదు" అని ఆ రెండు కాగితాలూ జాగ్రత్తగా విడదీసి మడిచి సంచిలో పెట్టుకుంది.

నక్కపల్లి దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. తలుపులమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. పక్కన మరో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. తలుపులమ్మ మనిషి బక్కపల్చన, కళ్ళలో నిప్పులు. రామతులసి తనెవరో చెప్పి, బోర్డు సంగతి, ఫోటో సంగతి దాచకుండా చెప్పింది. "తప్పంతా నాది తలుపులమ్మా. పిల్లలది కాదు."

"నీ బోర్డు సంగతి నాకెందుకు సావుకారమ్మా" అంది తలుపులమ్మ. "నా కోడలు సంగతి సెప్పు. అత్తకి కడుపు దాసిన కోడల్ని ఎక్కడైనా సూసేవా? మా కాలంలో మేం ఇలాగ దాసేమా? ఏటర్రా, మీరు సెప్పండి, దాసేమా?" పక్కనున్న ఇద్దరూ తలలడ్డంగా ఊపారు.

రామతులసికి నాలుక చివరిదాకా వచ్చింది. సంచిలో రెండు కాగితాలున్నాయి. ఒక్కమాటంటే చాలు, తలుపులమ్మ నోరు మూతబడుతుంది, ఇందు గెలుస్తుంది, కుమారి దగ్గర తన పేరు నిలబడుతుంది. ఇద్దరు సాక్షులు కూడా ఉన్నారు. ఆశ పడలేదంటే అబద్ధం. కానీ అలా చేస్తే సబ్బుల కుర్రాడికీ తనకీ తేడా ఏముంది? ఆ మాట తన చేతికి ఇచ్చింది దేవరాపల్లి తల్లి. అదీ చలిమిడి చెయ్యడానికి ఇచ్చింది గాని వాదన గెలవడానికి కాదు.

"నాకు తెలీదమ్మా" అంది రామతులసి.

తలుపులమ్మ చెయ్యి చింతపండు మీద ఆగింది. ఆవిడ ఒక్క క్షణం రామతులసి మొహంలోకి చూసింది. సుచిత్ర అక్కడే ఉంది, కానీ ఆ చూపు ఏమిటో ఆ అమ్మాయికి అంతుపట్టలేదు.

"ఎండన పడొచ్చేరు. లోపలికి రా సావుకారమ్మా, మజ్జిగ తాగుదువు గాని" అంది తలుపులమ్మ. సుచిత్ర లేవబోతే రామతులసి వద్దని సైగ చేసింది.

లోపల మజ్జిగ గ్లాసు చేతికిచ్చి తలుపు దగ్గరికేసింది తలుపులమ్మ. గొంతు తగ్గింది.

"మా యమ్మ నీ కొట్లోనే సేయించేది. నీ పుస్తకంలో నా పేరుంటాది కదా?"

"ఉంది."

"ఎవులికైనా సెప్పేవా?"

"లేదు. మా కోడలికి కూడా సెప్పలేదు." రామతులసి సంచిలోంచి కాగితాలు తీసింది. "ఇవి మీవి. చించీమంటే ఇక్కడే చించేత్తాను. పొయ్యిలో పెట్టమంటే పెడతాను. మీ ఇష్టం."

తలుపులమ్మ కాగితాలు తీసుకుంది. చదవడం అంతంత మాత్రమే వచ్చు. చదివి వినిపించమంది. రామతులసి మెల్లిగా చదివింది. కొబ్బరి ఎక్కువ అన్న చోట తలుపులమ్మ నవ్వినట్టు కనిపించింది, అంతలోనే కళ్ళు నిండిపోయాయి.

"మా యమ్మకి తెలుసు, కొబ్బరంటే నాకిష్టమని." ఆ అక్షరాల్ని వేలితో తడిమింది. "ఆలిద్దరూ పుట్టలేదు. పేరు లేదు, బొమ్మ లేదు. మాయమ్మ పోయింది. ఆలు నా కడుపున పడ్డారని ఈ లోకంలో ఇంకెక్కడా రాసి లేదు సావుకారమ్మా. నీ పుస్తకంలోనే ఉన్నారు."

రామతులసి చించేద్దామని తెచ్చిన కాగితాలవి.

"చించకు" అంది తలుపులమ్మ. "కానీ నీ కాడెందుకు? నా కాడ ఉంటాయి." లేచి రేకుపెట్టె తెరిచి, చీరల అడుగున, పట్టుచీర మడతలో ఆ రెండు కాగితాలూ పెట్టి మూసింది. తిరిగొచ్చి చాపమీద కూలబడి ఫోను రామతులసి చేతికిచ్చింది. "నాకు కళ్ళు కనబడవు. ఇందు అని ఉంటాది సూడు. కలుపు."

కలిపింది. అవతల రెండు రింగులు కూడా పూర్తిగా మోగలేదు, "అత్తా" అన్న గొంతు బెదురుగా వినిపించింది.

"ఇందూ, అన్నం తిన్నావా? ఏటి, తినలేదా? ఇప్పుడు తిను, తింటా ఇను. నీకో మాట సెప్పాలి. నీ మొగుడిక్కూడా తెల్దు. నానాజీ కంటే ముందు నాకిద్దరు పోయేరే..."

అంతవరకే రామతులసి విన్నది. గ్లాసు కింద పెట్టి, చప్పుడు కాకుండా తలుపు తీసుకుని అరుగు మీదకొచ్చి, వెనక మళ్ళీ దగ్గరగా వేసింది. లోపలేం మాట్లాడుకుంటున్నారని పక్కింటావిడ అడిగితే, తనకి తెలియదని చెప్పి, చింతపండు పళ్ళెం దగ్గరికి లాక్కుని పిక్క తియ్యడం మొదలెట్టింది.